గంట రెండుసార్లు కొట్టే ఊరు

(కాకినాడలో ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండమ్మా, ఇక్కడ చాప వేశారు. ఫ్యాన్ కింద చోటుంది.

నన్ను ఫ్రాన్స్ గురించి మాట్లాడమన్నారు. ఫ్రాన్స్ అంటే మనకేం గుర్తొస్తుంది? ఈఫిల్ టవర్. ఇంకా? సెంట్లు. ఇంకా ఎవరో యానాం అన్నారు, బాగుంది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. నేను మాత్రం పారిస్ గురించి ఒక్క ముక్క చెప్పలేను. పారిస్‌లో నేను రైలు మారాను, అంతే. నాకు తెలిసింది ఒక పల్లెటూరు. మా అమ్మాయి ఉద్యోగం కావోర్ అనే చిన్న పట్నంలో. అది ఫ్రాన్స్‌కి నైరుతి వైపు, లోత్ అనే నది ఒడ్డున ఉంటుంది. పట్నంలో అద్దెలు ఎక్కువని వాళ్ళు దగ్గరలో ఒక పల్లెలో ఇల్లు తీసుకున్నారు. నేను మూడుసార్లు వెళ్ళాను. వీసా తొంభై రోజులే ఇస్తారు కాబట్టి తొంభై రోజుల చొప్పున. ఆ ఊరి పేరు చెప్పను. మూడొందల మంది ఊళ్ళో పేరు చెబితే మనిషిని చూపించినట్టే.

మొదటి రాత్రి సంగతి చెబుతాను. ప్రయాణం బడలికతో పడుకున్నాను. చర్చి గంట కొట్టింది. లెక్కపెట్టాను, పది. సరే, పదయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. రెండు నిమిషాలయిందో లేదో మళ్ళీ గంట. మళ్ళీ పది. ఏమిటిది? గడియారం పాడయిందా? పదకొండుకీ అంతే. ముందు పదకొండు, కాసేపటికి మళ్ళీ పదకొండు. పొద్దున్న లేచి మా అమ్మాయిని అడిగితే "ఇక్కడంతే అమ్మా" అంది. పిల్లలు దేనికైనా అంతే అంటారు.

మా పక్కింట్లో ఒక మామ్మగారున్నారు, ఎనభై దాటాయి. ఆవిణ్ణి అడిగించాను. అడిగించాను అనే అంటున్నాను, ఎందుకంటే నా ఫ్రెంచ్ బొంజూర్ దగ్గర మొదలై మెర్సీ దగ్గర ఆగిపోతుంది. మా అమ్మాయే దుబాసీ. మామ్మగారు నవ్వి ఏమన్నారంటే, పొలంలో వంగి పనిచేసుకునేవాడు గంట మొదలవగానే లెక్కపెట్టడు. సగం అయ్యాక గుర్తొస్తుంది, అయ్యో ఎన్ని కొట్టింది అని. అందుకని రెండోసారి. మొదటిది చెవి రిక్కించుకోడానికి, రెండోది లెక్కపెట్టుకోడానికి. ఫ్రాన్స్‌లో చాలా పల్లెల్లో ఇలాగే కొడతారట. నాకెంత ముచ్చటేసిందో! పొలంలో ఉన్నవాణ్ణి తలుచుకుని ఎవరో ఈ ఏర్పాటు చేశారు.

సరే. ఇప్పుడు నా ప్రశ్న. ఆ పొలంలో ఇవాళ ఎవరున్నారు? ఆ రెండో గంట ఎవరికోసం?

దానికి మీకు రెండు ఊళ్ళ లెక్కలు చెబుతాను. కాగితం చూసి చెబుతాను, అంకెలు తప్పకూడదు. మొదటి ఊళ్ళో 534 మంది జనం. పనిచేసేవాళ్ళు 279 మందయితే అందులో 208 మంది వ్యవసాయం. ఊరు మొత్తానికి ట్రాక్టర్లు 2. కార్లు 5. ఫ్రిజ్‌లు 5. బట్టలుతికే మిషన్ ఒక్కటి కూడా లేదు. సంపాదనలో ముప్పాతిక వంతు తిండికే పోతుంది. రెండో ఊళ్ళో 670 మంది. అందులో వ్యవసాయం చేసేవాళ్ళు 53 మంది. ట్రాక్టర్లు 40, కార్లు 280, ఫ్రిజ్‌లు 210, వాషింగ్ మిషన్లు 180. చెప్పండి, మొదటిది ఏ దేశం ఊరు, రెండోది ఏ దేశం ఊరు?

మాస్టారు మొదటిది మనదే అంటున్నారు. కాదండీ. రెండూ ఒకటే ఊరు. మొదటిది 1946లో, రెండోది 1975లో. మధ్యన ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఊరి పేరు దువెల్. మేమున్న లోత్ లోయలోనే, కావోర్‌కి దగ్గర. ఈ మెలిక నాది కాదు. ఫూరాస్తియే అని ఒక ఆర్థికవేత్త, దువెల్ వాళ్ళ కుటుంబానికి సొంతూరు, 1979లో రాసిన పుస్తకం ఇలాగే మొదలుపెట్టాడు. రెండు ఊళ్ళకీ రెండు దొంగపేర్లు పెట్టి, ఇవి ఒకే లోకంలోవి అంటే నమ్ముతారా అని అడిగి, అప్పుడు గుట్టు విప్పాడు. రెండో యుద్ధం తర్వాతి ఆ ముప్పై ఏళ్ళకి ఆయన పెట్టిన పేరే, 'వైభవపు ముప్పై ఏళ్ళు' అని, ఇప్పుడు ఫ్రాన్స్‌లో పిల్లల పాఠాల్లో ఉంది.

అందరూ ఈ లెక్కలు చదివి కార్ల గురించి, ఫ్రిజ్‌ల గురించి మాట్లాడతారు. నేను ఇంకో చోట ఆగిపోయాను. జనం 534 నుంచి 670 అయ్యారు. అంటే ఊరు పెరిగింది. రైతులు 208 నుంచి 53 అయ్యారు. అంటే నలుగురిలో ముగ్గురు పోయారు. మనం పల్లెలు ఖాళీ అవుతున్నాయని ఒక్క మాటలో అనేస్తాం. ఇక్కడ ఊరు ఖాళీ అవలేదు, పొలం ఖాళీ అయింది. ఈ రెండూ వేర్వేరు సంగతులు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే.

దువెల్ అంటే ఏమిటో తెలుసా? పీపాలు చేసే చెక్క పలకని ఫ్రెంచ్‌లో దువెల్ అంటారు. ఊరి పేరే పీపా చెక్క. అదొక రేవు. అక్కడి వైన్ ముదురు రంగులో ఉంటుంది, నల్ల వైన్ అనేవాళ్ళు. మాల్బెక్ అనే ద్రాక్ష. దాన్ని పీపాల్లో నింపి, గబార్లు అని అడుగు చదునుగా ఉండే పడవల్లో లోత్ మీదుగా గరోన్ నదిలోకి, అక్కణ్ణించి బోర్డోకి పంపేవాళ్ళు. మన గోదావరి మీద కలప, ధాన్యం పడవల్లో దిగినట్టే. బోర్డో వాళ్ళు ఏం చేసేవారో చూడండి. తమ వైన్ అమ్ముడయ్యేదాకా, క్రిస్మస్ దాకా, పైనుంచి వచ్చిన వైన్‌ని రేవులో అమ్మనిచ్చేవాళ్ళు కాదు. వందల ఏళ్ళు నడిచిందది. 1776లో తుర్గో అనే మంత్రి రద్దు చేసేదాకా. మామ్మగారు ఇవాళ్టికీ బోర్డో వైన్ ఇంటికి తేనివ్వరు. సరదాకే అంటారు గానీ, నిజంగానే తేనివ్వరు.

తర్వాత రైలొచ్చింది, పడవలు పోయాయి. అమెరికా నుంచి ఫ్రాన్స్‌కి వచ్చిన ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు 1870ల్లో ఇక్కడికీ చేరి ద్రాక్ష తీగల వేళ్ళు తినేసింది. ఆ లోయలో తోటలకి తోటలు ఎండిపోయాయి. మందేమిటి? అంటు. మన మామిడి అంటులాగే, పురుగుని తట్టుకునే అమెరికా తీగ వేరు కింద, ఫ్రెంచ్ తీగ పైన. తోటలన్నీ మళ్ళీ వేసుకున్నారు. కోలుకుంటున్నాం అనుకునేలోపు 1956 ఫిబ్రవరిలో మంచు దెబ్బ. తీగలు మొదలంటా చచ్చిపోయాయి. మూడోసారి మళ్ళీ వేశారు. 1971లో కావోర్ వైన్‌కి ప్రాంతీయ గుర్తింపు వచ్చింది, మన బందరు కలంకారీకి, ఉప్పాడ చీరకి ఇచ్చే గుర్తింపులాంటిది. ఇప్పుడు సెప్టెంబర్‌లో ద్రాక్ష కోతకి వెళ్తే ఏం కనబడుతుందనుకున్నారు? బుట్టలు, పాటలు, ఆడవాళ్ళు? నేనూ అదే అనుకుని చీర దోపుకుని వెళ్ళాను. ఒక యంత్రం వరసకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి తీగని దులుపుకుంటూ పోతోంది. దానిమీద ఒక్క కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. గంట వాడికేం వినబడుతుంది?

మా ఇంటి ముందు బట్టలుతికే రేవు సంగతి ఒకటి చెప్పాలి. దాదాపు ప్రతి ఊళ్ళోనూ లవ్వార్ అని ఉంటుంది. రాతి తొట్టి, దాని అంచు వాలుగా ఉంటుంది, పైన పెంకు కప్పు. ఊరి ఆడవాళ్ళంతా అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని బట్టలుతికేవారు. ఊరి వార్తలన్నీ అక్కడే. ఎవరికి కడుపొచ్చింది, ఎవరికి అప్పయింది, దుప్పట్లు చూస్తే తెలిసిపోయేదట! ఇప్పుడు అందులో జెరేనియం పూలకుండీలు పెట్టారు. ఫొటోలు బాగా వస్తాయి. నేను మామ్మగారితో "ఎంత అందంగా ఉందో, ఆ రోజులు బావుండేవి కదా" అన్నాను. ఆవిడ చేతులు చాపి చూపించారు. వేళ్ళు వంకర్లు తిరిగి ఉన్నాయి. "జనవరిలో నీళ్ళ మీద మంచు పగలగొట్టి ఉతికేవాళ్ళం. వాషింగ్ మిషన్ వచ్చిన రోజు మా అమ్మ ఏడ్చింది" అన్నారు. ఆ తర్వాత నేను ఆ రోజులు బావుండేవి అనే మాట ఎత్తలేదు.

ఇక ఊరి పెత్తనం ఎవరిది? మేరీది. మేరీ అంటే మేరీమాత కాదండీ. మేయర్ ఉండే ఆఫీసుని ఫ్రెంచ్‌లో మేరీ అంటారు. మనకి మేయర్ అంటే విశాఖపట్నం, విజయవాడ గుర్తొస్తాయి. అక్కడ ఎనభై మంది ఊరికీ ఒక మేయర్. 1789 విప్లవం అప్పుడు పాత చర్చి పరిధుల్ని పట్టుకుని ఊరూరునీ ఒక కమ్యూన్ చేసేశారు. ఇవాళ్టికీ దేశంలో దాదాపు 35 వేల కమ్యూన్లు. కలపమని ప్రభుత్వం పైనుంచి ఎంత మొత్తుకున్నా చాలావరకు కలవరు. పక్కూరితో కలిస్తే మన ఊరి పేరు ముందుండాలా వాళ్ళ పేరు ముందుండాలా? అక్కడితో మాటలు ఆగిపోతాయి. ఇది మాత్రం మనకి విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

మేయర్ గారు భుజం మీదుగా మూడు రంగుల పట్టీ వేసుకుని పెళ్ళి చేస్తారు. చట్టం దృష్టిలో పెళ్ళంటే అదే. చర్చిలో చేసుకోవాలంటే దాని తర్వాత. ఇందాక యానాం అన్నారే, అక్కడికి వస్తున్నాను. ఫ్రెంచ్ పాలన ఉన్న రోజుల్లో యానాంలోనూ మేరీ ఉండేది, మేయర్ ఉండేవారు. ఆ పాలన 1954లో పోయింది. మన పెద్దవాళ్ళు చెప్పేవారు, శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళు బ్రిటిష్ ఇలాకాలో కుదరక యానాం తీసుకెళ్ళి చేసేవారని. అందుకే కల్యాణపురం అని పేరు. అదీ మనకి ఫ్రెంచ్ చట్టంతో ఉన్న చుట్టరికం, అంత గర్వపడేదేం కాదు.

మేయర్ గారి పని దగ్గర్నుంచి చూశాను. పొద్దున్న పెళ్ళి, మధ్యాహ్నం పైపు పగిలిందని ఫోన్, సాయంత్రం ఎవరి కుక్కో ఎవరి కోడినో పట్టుకుందని పంచాయతీ. వీటన్నిటితో పాటు చర్చి పైకప్పు కూడా. మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. 1905లో మతాన్నీ ప్రభుత్వాన్నీ విడదీస్తూ చట్టం చేశారు. దాంతో అప్పటికే ఉన్న ఊరి చర్చిలు కమ్యూన్ ఆస్తి అయ్యాయి. దేవుడి మీద నమ్మకం లేని మేయర్ కూడా పెంకులు కారుతుంటే బాగు చేయించాల్సిందే. మా ఊరి మేయర్ గారు పూజకి వెళ్ళరు గానీ ఆ పైకప్పు కోసం తిరగని ఆఫీసు లేదు. ఫాదర్ గారేమో చుట్టుపక్కల బోలెడు ఊళ్ళకి ఒక్కరే, కారు వేసుకుని తిరుగుతుంటారు. మా ఊరికి నెలకోసారి వచ్చేవారు.

అసలు ఊళ్ళో నడవడిక గురించి చెప్పలేదు. ఒక్క పొరపాటు చెబుతాను, నాదే. రొట్టెల వ్యాన్ వస్తుంది, వారానికి మూడుసార్లు. చర్చి ముందు ఆగి హారన్ కొడుతుంది. నేను వెళ్ళి వేలు చూపించి "బగెత్" అన్నాను. అందరూ మౌనం. రొట్టెలమ్మాయి నన్ను చూసి, మెల్లిగా, చాలా స్పష్టంగా "బొంజూర్ మదామ్" అంది. ముందు అది అనాలి. అది అనకుండా ఏది అడిగినా ఇంట్లోకి చెప్పులతో వచ్చినట్టే. కొట్లోకి వెళ్ళినా, డాక్టర్ గారి వరండాలో కూర్చున్నా, అక్కడున్న అందరికీ కలిపి ఒక బొంజూర్. ఆ తర్వాత మాట్లాడకపోయినా పరవాలేదు. మనకి మీరు, నువ్వు ఉన్నట్టే వాళ్ళకి వూ, త్యు. మామ్మగారూ పక్కింటాయనా నలభై ఏళ్ళుగా ఇరుగుపొరుగు, ఇప్పటికీ మీరు మీరు అనే పిలుచుకుంటారు. ఇంగ్లిష్ వాళ్ళకి ఇది అర్థం కాదు, నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది.

పన్నెండయిందంటే ఊరు మూసేస్తారు. రెండు దాకా ఏదీ తెరవరు, తిండి వేళ. మామ్మగారి ఇంట్లో ఒక తమాషా చూశాను. సూప్ తాగడం దాదాపు అయిపోయాక, అడుగున కొంచెం మిగిల్చి, అందులో ఎర్ర వైన్ పోసి, గిన్నె రెండు చేతులా ఎత్తి తాగేశారు. షబ్రో అంటారు దాన్ని. అచ్చం మన తాతలు చారు గిన్నె ఎత్తి తాగినట్టే ఉంది. మనవలు "మామ్మా, ఛీ" అంటారట. నాకూ పోస్తానన్నారు. నేను పోయించుకున్నానా లేదా అనేది ఈ సభలో చెప్పను.

మామ్మగారికి ఇంకో భాష వచ్చు, ఆక్సితాన్, ఆ వైపు పల్లెల పాత భాష. మా అమ్మాయికి కూడా ఆ సంగతి రెండేళ్ళ దాకా తెలీదు. బళ్ళో ఆ భాష మాట్లాడితే దండించేవారు. మాట్లాడిన పిల్లవాడి మెడలోనో చేతిలోనో ఒక చెక్కముక్క పెట్టేవారు. వాడు ఇంకొకడు మాట్లాడితే పట్టుకుని వాడికి అంటగట్టాలి. సాయంత్రానికి ఎవరి దగ్గరుంటే వాడికి దెబ్బలు. మామ్మగారి నాన్నగారి తరం అలా చదువుకుంది. నేను ముప్పై రెండేళ్ళు టీచర్‌గా పనిచేశాను. మన బళ్ళల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసిన రోజులు నాకు తెలుసు. ఆవిడ చెబుతుంటే తల దించుకున్నాను.

మరి రైతులు పోయి ఊరెలా పెరిగింది? కావోర్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళు వచ్చారు, మా అమ్మాయిలాగా. రిటైరైనవాళ్ళు వచ్చారు. ఇంగ్లిష్ వాళ్ళు పాత ఇళ్ళు కొన్నారు. సెలవుల ఇళ్ళు ఉన్నాయి, ఆగస్టులో కిటికీలు తెరుచుకుంటాయి, నవంబర్‌లో మా వీధిలో సగం కిటికీ తలుపులు మూసే ఉన్నాయి. అదే లోయలో ఎగువన సేన్ సీర్ లపోపీ అని ఉంది, కొండ అంచున. ఆంద్రే బ్రెటాన్ అనే కవి 1951లో అక్కడ ఇల్లు కొనుక్కున్నాడు. 2012లో టీవీ ఓటింగ్‌లో ఫ్రెంచ్ వాళ్ళకి ఇష్టమైన ఊరుగా ఎన్నికైంది. వేసవిలో నడవడానికి సందు లేదు. రెండు గంటలు తిరిగాను. అందమైన ఊరే, నేను మళ్ళీ వెళ్ళను.

కాఫీ హోటళ్ళు పోయాయి. 1960 ప్రాంతంలో దేశంలో 2 లక్షలు ఉండేవంటారు, ఇప్పుడు 40 వేలకి లోపే. మా ఊళ్ళో ఉన్న ఒక్కటీ మూతపడితే మేరీ వాళ్ళే ఆ భవనం కొని, అద్దె తగ్గించి ఒక జంటకి ఇచ్చారు. నిప్పంటుకుంటే ఆర్పేవాళ్ళు ఎవరనుకున్నారు? స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే. ఫ్రాన్స్‌లో ఫైర్‌మెన్‌లో అయిదుగురికి నలుగురు అలాంటివాళ్ళేనట. మా ఊరి ప్లంబర్ సగం పైపు విప్పి, పేజర్ మోగిందని పరిగెత్తాడు. మధ్యాహ్నం దాకా మాకు నీళ్ళు లేవు. కోప్పడలేం కదా.

కొత్తగా వచ్చినవాళ్ళతో ఒక చిక్కుంది. వాళ్ళకి పల్లె కావాలి, పల్లె చప్పుడు అక్కర్లేదు. మోరిస్ అని ఒక కోడిపుంజు ఉండేది. ఒలెరోన్ అనే దీవిలో. తెల్లారకుండా కూస్తోందని సెలవులకొచ్చే పొరుగువాళ్ళు కోర్టుకెళ్ళారు. నవ్వకండి, నిజంగా! 2019లో కోర్టు తీర్పిచ్చింది, కూసుకోవచ్చని. కేసు గెలిచిన మరుసటి ఏడాది పాపం అది జబ్బు చేసి పోయింది. 2021 జనవరిలో ఏకంగా ఒక చట్టమే చేశారు, పల్లెల్లో చప్పుళ్ళూ వాసనలూ కూడా వారసత్వంలో భాగమేనని. కోడి కూత, పేడ కంపు, గంట మోత. మా ఊళ్ళో కూడా ఒకాయన, కొత్తగా ఇల్లు కొన్నాయన, రాత్రిపూట గంట ఆపించండని మేరీకి ఉత్తరం రాశాడు. సభ పెట్టారు. మామ్మగారు లేచి "నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టదు. గంట లేకపోతే తెల్లారడానికి ఇంకా ఎంతుందో నాకెవరు చెబుతారు?" అన్నారు. ఆయన ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. చూశారా, ఇందాకటి నా ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది.

చివరగా నవంబర్ 11. మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు. ఆ యుద్ధంలో ఫ్రాన్స్ పోగొట్టుకున్న సైనికులు 13 లక్షల పైన. పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి దాదాపు ప్రతి కమ్యూన్‌లోనూ ఉంది. అలాంటి రాయి అవసరం లేని ఊరుగా నార్మండీలో థియర్‌విల్ అనే ఒక్క ఊరి పేరు చెబుతారు. మా చిన్న ఊరి రాయి మీద ఇరవై ఆరు పేర్లు. ఒకే ఇంటిపేరు వరసగా మూడుసార్లు. మేయర్ గారు ఒక్కో పేరూ చదువుతారు, ఊరివాళ్ళందరూ ఒక్క గొంతుతో "ఫ్రాన్స్ కోసం మరణించాడు" అంటారు. ఇరవై ఆరుసార్లు. కోర్టుకెళ్ళే రకం కొత్తవాళ్ళూ వచ్చారు, ఇంగ్లిష్ వాళ్ళూ వచ్చారు, బడిపిల్లలు కాగితప్పూలు పట్టుకుని నిలబడ్డారు. ఒకరిద్దరు తప్ప ఆ పేర్ల తాలూకు చుట్టాలెవరూ ఇప్పుడు ఊళ్ళో లేరు. అయినా చదువుతారు.

తర్వాత మేరీలో అందరికీ వైన్, పిల్లలకి పళ్ళరసం, ఉప్పు బిస్కట్లు. మేయర్ గారు నా దగ్గరికి వచ్చి, మీ దేశంలోనూ ఇలాంటి రాళ్ళున్నాయా అని అడిగారు. మా పశ్చిమ గోదావరి జిల్లాలో, తాడేపల్లిగూడెం దగ్గర, మాధవరం అని ఒక ఊరుంది, రెండు యుద్ధాలకీ సైనికుల్ని పంపింది, దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తాం అని చెప్పించాను. ఆయన ఆ పేరు పలకబోయి రెండుసార్లు తప్పారు. రాసిమ్మన్నారు. కాగితం లేక, చేతి తుడుపు కాగితం మీద తెలుగులో మాధవరం అని రాసిచ్చాను. అక్షరాలు కాసేపు తిప్పి తిప్పి చూసి, మడతపెట్టి కోటు జేబులో పెట్టుకున్నారు.

అదండీ. టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ మాట్లాడుకుందాం.